మెట్ల కింద డ్రమ్ము

అబిడ్స్, నాంపల్లి బజార్లలో అగ్ని నిబంధనలు: ఒక పరిశీలన

విద్యార్థి సంఘం కార్యదర్శి వచ్చి "సార్, సావనీరుకు ఏదైనా సైన్సు వ్యాసం వ్రాసివ్వండి" అన్నప్పుడు ముందు అంతరిక్షం గురించో, అణుశక్తి గురించో వ్రాద్దామనుకున్నాను. అలాంటివి ఎక్కడైనా దొరుకుతాయి. కాలేజీ గేటు దాటి కాస్త దూరం నడిస్తే కళ్ళకు కనిపించే సైన్సు ఒకటుంది. దాని గురించి మన సంచికల్లో ఎవరూ వ్రాసినట్టు నాకు గుర్తు లేదు. అందుకని ఈ వ్యాసం.

2023 నవంబరు 13, సోమవారం. దీపావళి మర్నాడు. నాంపల్లి బజార్‌ఘాట్‌లో ఒక అపార్ట్‌మెంటు కింది భాగంలో ఉదయం మంటలు లేచాయి. కింద గ్యారేజీ, అందులోనే రసాయనాల డ్రమ్ములు. పైన కాపురాలు. మంట డ్రమ్ములకు అంటుకుంది, పొగ మెట్ల మీదుగా పైకి పాకింది. కొందరిని అగ్నిమాపక సిబ్బంది నిచ్చెనలు వేసి కిటికీల్లోంచి దింపారు. ఆ రోజు తొమ్మిది మంది పోయారు. వారిలో పసివాళ్ళు కూడా ఉన్నారు. కారు మరమ్మతు చేస్తుండగా లేచిన నిప్పురవ్వే కారణమని మొదట చెప్పారు. ఆ డ్రమ్ముల్లో ఉన్నది ఫైబర్ సామాను తయారీలో వాడే రెజిన్ అని పత్రికల్లో వచ్చింది.

మర్నాడు క్లాసులో వెనుక బెంచీ కుర్రవాడొకడు లేచి అడిగాడు: "సార్, రెజిన్ అంటే బంకలెక్క ఉంటది గదా. పెట్రోల్ గాదు, కిరోసిన్ గాదు. గంతగనం ఎట్ల మండింది?"

మంచి ప్రశ్న. దానికి జవాబు చెబుతూ పోతే రసాయన శాస్త్రం దగ్గర మొదలై చట్టం దగ్గరికీ, చివరకు నా దగ్గరికీ వచ్చింది. అదే వరుసలో వ్రాస్తాను.

1. మండేది ద్రవం కాదు, ఆవిరి

ద్రవం తనకు తాను మండదు. దాని పైనుంచి లేచే ఆవిరి గాలితో కలిసి మండుతుంది. ఏ ఉష్ణోగ్రత దగ్గర ఒక ద్రవం నిప్పు చూపిస్తే భగ్గుమనేంత ఆవిరిని వదులుతుందో దాన్ని ఫ్లాష్ పాయింట్ అంటాం. పెట్రోలుకు ఇది సున్నాకు నలభై డిగ్రీల దిగువన ఉంటుంది. పెయింటు థిన్నర్లలో ఎక్కువగా వాడే టోలీన్‌కు సుమారు 4 డిగ్రీల సెల్సియస్. అంటే హైదరాబాదులో ఎంత చలికాలమైనా అది మండడానికి సిద్ధంగానే ఉంటుంది.

ఇక పాలియెస్టర్ రెజిన్. చూడడానికి బంకే. అయితే ఆ బంకను పలుచగా ఉంచేది స్టైరీన్ అనే ద్రవం. రెజిన్ బరువులో మూడో వంతుకు పైగా అదే ఉంటుంది. స్టైరీన్ ఫ్లాష్ పాయింట్ సుమారు 31 డిగ్రీలు. మన ఊళ్ళో ఏప్రిల్, మే నెలల్లో నీడలోనే 40 దాటుతుంది. రేకుల కింద, గాలి ఆడని సెల్లారులో సంగతి చెప్పనక్కరలేదు. నవంబరులో గాలి చల్లగానే ఉన్నా, పక్కన ఇంకొకటేదో మండి డ్రమ్ము వేడెక్కితే చాలు.

రెండో సంగతి. ఈ ఆవిర్లు గాలికంటే బరువైనవి. టోలీన్ ఆవిరి మూడు రెట్లు, స్టైరీన్ ఆవిరి మూడున్నర రెట్లు బరువు. కనుక పైకి లేచి పోవు. నేల మీద నీళ్ళలా పరుచుకుని పల్లం వెదుక్కుంటాయి. మూత సరిగా లేని డబ్బా ఒక మూల ఉంటే, నిప్పురవ్వ ఇంకో మూల రాలినా అందుకుంటాయి.

మూడో సంగతి పొగ. స్టైరీన్, టోలీన్ వంటి బెంజీన్ జాతి పదార్థాల్లో కర్బనం పాలు ఎక్కువ. పూర్తిగా కాలక దట్టమైన నల్లటి మసి వదులుతాయి, దాంతోపాటు కార్బన్ మోనాక్సైడ్. 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్సులో చనిపోయిన ఆరుగురూ మీ ఈడు వాళ్ళే. వాళ్ళ ప్రాణం తీసింది మంట కాదు, పొగ. వేడి పొగ పైకే పోతుంది. నాలుగంతస్తుల భవనంలో దానికి దొరికే దారి ఒక్కటే: మెట్లు. మనుషులు దిగిరావడానికి ఉన్న దారి కూడా అదే.

2. చట్టం ఎట్లా లెక్కపెడుతుంది?

ఇంత తెలిసి కూడా చట్టం లేదా అని మీరడగవచ్చు. ఉంది. ఒకటి కాదు, అరడజను ఉన్నాయి. కొన్ని అంకెలు చెబుతాను, పరీక్షకు గుర్తుపెట్టుకున్నట్టు పెట్టుకోండి.

1934 నాటి పెట్రోలియం చట్టం ద్రవ హైడ్రోకార్బన్లను ఫ్లాష్ పాయింటును బట్టి తరగతులుగా విడదీసింది. 23 డిగ్రీల లోపు ఉన్నవి ఏ తరగతి. 23 నుంచి 65 లోపు బి తరగతి, మన డీజిలు ఇందులోకే వస్తుంది. ఏ తరగతి సరుకు అమ్మకానికి కాకుండా సొంత వాడకానికైతే 30 లీటర్ల వరకు లైసెన్సు అక్కరలేదు. బి తరగతి అయితే ఒక వ్యక్తి ఒకచోట 2500 లీటర్ల వరకు లైసెన్సు లేకుండా ఉంచుకోవచ్చు, ఒక్కో పాత్ర 1000 లీటర్లు మించకుండా.

ఇక్కడ ఆగి ఒక చిన్న లెక్క చేయండి. బజారులో దొరికే మామూలు ఇనుప డ్రమ్ము సుమారు 200 లీటర్లు. పన్నెండు డ్రమ్ములు పెడితే 2400. ఈ చట్టం దృష్టిలో లైసెన్సు అక్కరలేదు! పైగా చట్టం లెక్కపెట్టేది 'ఒక వ్యక్తి' దగ్గరున్న సరుకును. ఒకే భవనం కింద ముగ్గురు వ్యాపారులు తలా పన్నెండు డ్రమ్ములు పెట్టుకుంటే ఎవరి లెక్క వారిదే. నిప్పుకు మాత్రం ఆ ముప్పై ఆరూ ఒకటే కుప్ప.

వంటగ్యాసుకు 2016 నాటి గ్యాస్ సిలిండర్ల నిబంధనలు. మొత్తం 100 కిలోల వరకు నిలవకు లైసెన్సు అక్కరలేదు. హోటళ్ళలో వాడే 19 కిలోల సిలిండర్లు ఐదు పెడితే 95 కిలోలు.

బాణసంచాకు 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం, దాని కింద 2008 నిబంధనలు. పండుగకు వేసే తాత్కాలిక దుకాణాలు మండని సామగ్రితో కట్టాలి. ఒకదానికొకటి కనీసం 3 మీటర్ల ఎడం ఉండాలి, ఎదురెదురుగా ఉండకూడదు. ఇళ్ళ వంటి కట్టడాలకు 50 మీటర్ల దూరంలో ఉండాలి. యాభై మీటర్లంటే ఎంతో అబిడ్స్ చౌరస్తాలో నిలబడి అడుగులు వేసి చూడండి. ఆ దూరంలో ఇల్లో, దుకాణమో లేని చోటు ఆ చుట్టుపక్కల వెదికితే దొరకడం కష్టం.

ఇక భవనం సంగతి. 1999 నాటి అగ్నిమాపక సర్వీసు చట్టం తెలంగాణ ఏర్పడ్డాక ఇక్కడా కొనసాగింది. దాని ప్రకారం నివాస భవనం 18 మీటర్లు, వ్యాపార భవనం 15 మీటర్లు దాటితే అగ్నిమాపక శాఖ అనుమతి పత్రం కావాలి. పాఠశాలలు, సినిమా హాళ్ళు, ఫంక్షన్ హాళ్ళ వంటి జనం గుమికూడే చోట్లకైతే స్థలం 500 చదరపు మీటర్లు మించినా, ఎత్తు 6 మీటర్లు దాటినా కావాలి. మన నాంపల్లి గల్లీల్లో ఇళ్ళు చాలావరకు కింద పార్కింగు, పైన నాలుగంతస్తులు. అంతస్తుకు మూడు మీటర్ల చొప్పున వేసుకుంటే పదిహేను, పదహారు మీటర్లు. పద్దెనిమిదికి లోపే!

దీని అర్థం ఆ ఇళ్ళకు నిబంధనలే లేవని కాదు. 2012లో వచ్చిన భవన నిర్మాణ నిబంధనలు సెల్లారు, స్టిల్టు భాగాన్ని పార్కింగుకే వాడాలంటాయి. వ్యాపారానికి నగరపాలక సంస్థ లైసెన్సు వేరే ఉంది. భోపాల్ ఘోరం 1984లో జరిగాక 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం, దాని కింద 1989లో ప్రమాదకర రసాయనాల నిబంధనలు వచ్చాయి. అయితే అవి ముఖ్యంగా పెద్ద కర్మాగారాలను, పెద్ద నిలవలను దృష్టిలో పెట్టుకుని వ్రాసినవి. ఒక గల్లీలో మెట్ల కింద ఉన్న నాలుగు డ్రమ్ములు వాటికి ఆనవు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. ఒక చట్టం లీటర్లు కొలుస్తుంది, ఒకటి కిలోలు కొలుస్తుంది, ఒకటి ఎత్తు కొలుస్తుంది. ఒక్కొక్కరూ తమ అంకె చూసుకుని పోతారు. కింద సరుకు, పైన నిద్రపోయే మనుషులు, మధ్య ఒకే ఒక్క మెట్ల దారి: ఈ మూడింటినీ కలిపి చూసేవాడు ఆ భవనంలో ఉండేవాడే. అతనికి చూడడం రావాలి.

3. ఒకే సరుకు, రెండు ఫలితాలు

దీనికి రుజువు మన నాంపల్లిలోనే ఉంది. 2019 జనవరి 30 రాత్రి నుమాయిష్‌లో మంటలు లేచాయి. బట్టలు, ప్లాస్టిక్కు, కర్ర, గుడ్డ పందిళ్ళు. అంటుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి? వందల స్టాళ్ళు బూడిదయ్యాయి. దూరప్రాంతాల నుంచి సరుకు తెచ్చుకున్న చిన్న వ్యాపారులు ఒక్క రాత్రిలో కట్టుబట్టలతో మిగిలారు. ఆ నష్టం చిన్నది కాదు. కాని అంత జనంలో ఒక్క ప్రాణం పోలేదు. ఎందుకంటే అది మైదానం. తలమీద కప్పు లేదు గనుక పొగ ఆకాశానికి పోయింది, మనుషులు గేట్లలోంచి బయటికి పోయారు.

2024 అక్టోబరు 27, దీపావళి ముందటి ఆదివారం రాత్రి బొగ్గులకుంటలో ఒక బాణసంచా దుకాణం అంటుకుంది. పక్కనున్న టిఫిన్ సెంటరుకు పాకింది, బయట నిలిపిన బండ్లు కాలిపోయాయి. జనం వీధిలోకి ఉరికి బతికారు.

ఇప్పుడు రెండో రకం చూడండి. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో కింద విద్యుత్ స్కూటర్ల షోరూం, పైన లాడ్జి. ఎనిమిది మంది పోయారు. మరుసటి ఏడు బజార్‌ఘాట్. రెండుచోట్లా సరుకు వేరు, అమరిక మాత్రం ఒకటే. కింద మండేది, పైన మనుషులు.

స్కూటర్ మాట వచ్చింది గనుక లిథియం బ్యాటరీల గురించి ఒక మాట. అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో ఫోన్ల బ్యాటరీలు ఎన్ని చేతులు మారుతాయో మీకు నాకంటే బాగా తెలుసు. ఉబ్బిన బ్యాటరీని కొందరు బల్ల సొరుగులో దాచుకుంటారు. దానిలో ఒక గది వేడెక్కితే ఆ వేడి పక్క గదిని రగిలిస్తుంది. ఆరినట్టు కనిపించి మళ్ళీ అంటుకుంటుంది. ఛార్జింగు పెట్టిన స్కూటరును మెట్ల కింద ఉంచడమంటే రేపటి డ్రమ్మును ఈవేళే అక్కడ పెట్టడమన్నమాట.

4. నేను చెప్పిన తప్పు జవాబు

ఇక నా సంగతి. ముప్పై ఏళ్ళ పైమాట. బి.ఎస్సీ. చదివే రోజుల్లో నాంపల్లి స్టేషనుకు దగ్గరలో ఒక గల్లీలో ముగ్గురం కలిసి మూడో అంతస్తులో గది తీసుకున్నాం. అద్దె తక్కువ. తక్కువ ఎందుకో మొదటిరోజే ముక్కుకు తెలిసింది. కింద రంగులు, థిన్నరు నిలవచేసే గోదాము. సరుకు లోపల పట్టకపోతే డబ్బాలు మెట్ల కింద పేర్చేవారు. వారం రోజులు వాసన తెలిసింది, తర్వాత ముక్కు మొద్దుబారింది. మిద్దె మీది తలుపుకు ఎప్పుడూ తాళం. తాళంచెవి ఓనరు దగ్గర. అడిగితే "మీకెందుకు, బట్టలు వరండాల ఆరేసుకోండ్రి" అనేవాడు.

ఆ మెట్ల కిందే, డబ్బాల పక్కనే, వాచ్‌మన్ పడుకునేవాడు. మేం తాతా అని పిలిచేవాళ్ళం. మహబూబ్‌నగర్ వైపు మనిషి. ఒక రాత్రి ల్యాబ్ నుంచి ఆలస్యంగా వచ్చిన నన్ను ఆపి అడిగాడు.

"బిడ్డా, నువ్వు సైన్సు సదువుతున్నవ్ గదా. ఈ డబ్బాలతోని ఏమన్న అయితదా?"

నాకు ఆకలి దంచేస్తోంది. పైగా రెండో సంవత్సరం కెమిస్ట్రీ చదువుతున్నానన్న గర్వం ఒకటి. "ఏం గాదు తాతా. మూత గట్టిగ పెడితే సరిపోతది" అని మెట్లెక్కాను.

ఆ మాట అన్న నెల తిరక్కుండానే, చలికి కాచుకోవడానికి ఎవరో గల్లీలో వేసిన మంట నుంచో, బీడీ నుంచో, నిప్పు లోపలికి వచ్చింది. నిద్రలో దగ్గు వచ్చి లేచాను. మెట్ల మీద మనిషి మనిషికి కనపడడం లేదు. పైకి పోదామంటే తలుపుకు తాళం. వెనుక వరండా లోంచి పక్కింటి రేకుల మీదికి దూకి బయటపడ్డాం. తాత మాత్రం పారిపోలేదు. కాలుతున్న డబ్బాను చేతులతో పట్టుకుని బయటికి ఈడ్చాడట. అందరం బతికాం. ఆయన రెండు చేతులూ కాలి వేళ్ళు ముడుచుకుపోయాయి. ఉస్మానియా ఆసుపత్రిలో చూడబోతే "నువ్వు జెప్పినట్టె మూత గట్టిగనె వెట్టిన బిడ్డా" అన్నాడు. నిష్ఠూరంగా కాదు, తన తప్పేమీ లేదని చెప్పుకుంటున్నట్టుగా.

ఆ తర్వాత ఊరికి వెళ్ళిపోయాడు. ఆచూకీ తీద్దామనుకుంటూనే నేను తీయలేదు.

మూత ఎంత గట్టిగా పెట్టినా థిన్నరు డబ్బాను ప్రతిరోజూ తెరుస్తారు, వంచుతారు, ఒలకబోస్తారు. ఆవిరి నేలమీద ఉంటుంది, ఆయన పడుకున్నదీ నేలమీదే. ఇదంతా నాకు తెలిసిన పాఠమే. పరీక్షలో అడిగితే వ్రాసి ఉండేవాణ్ణి. మెట్ల దగ్గర ఒక ముసలాయన అడిగితే చెప్పలేకపోయాను.

5. విద్యార్థులు చేయగలిగింది

అధికారులు చేయవలసింది అధికారులు చేయాలి. అది వారికి గుర్తుచేస్తూనే ఉండాలి. గదులు అద్దెకు తీసుకునే మీరు మటుకు అడ్వాన్సు ఇచ్చే ముందు ఈ నాలుగు చూడండి.

ఒకటి, మెట్ల కింద, మెట్ల మీద ఏముంది? డబ్బాలు, సిలిండర్లు, బండ్లు, పాత పరుపులు ఏవున్నా సరే, అవి మీ దారిలో ఉన్నట్టే. రెండు, మిద్దె తలుపుకు తాళం ఉందా, ఉంటే చెవి ఎవరి దగ్గర? మూడు, కిటికీ ఊచల్లో తెరుచుకునే భాగం ఒక్కటైనా ఉందా? నాలుగు, కింద దుకాణంలో అమ్మేదేమిటి? అది రాత్రి ఎక్కడ ఉంటుంది?

నిప్పు అంటుకుంటే 101కు గానీ 112కు గానీ ఫోను చేయండి. వీధి పేరుతోపాటు దగ్గరి గుర్తు కూడా చెప్పండి. మెట్లు పొగతో నిండి ఉంటే వాటిలోకి దిగకండి. తలుపు మూసి, సందుల్లో తడిగుడ్డ కుక్కి, వీధి వైపు కిటికీ దగ్గర నిలబడి పిలవండి. పొగలో నడవక తప్పకపోతే నేలకు వంగి పాకండి. లిఫ్టు జోలికి పోవద్దు. థిన్నరు, రెజిన్ మంటల మీద నీళ్ళు పోయకండి. అవి చాలావరకు నీటికంటే తేలికవి లేదా నీటిలో కలవనివి గనుక మంట నీటితోపాటు పారుతుంది. దానికి నురుగు గానీ పొడి గానీ చల్లే పరికరం కావాలి. అది మీ అంతస్తులో ఉందా, దాని ముల్లు పచ్చగీతలో ఉందా అన్నది మంట రాకముందే చూసుకోవాలి.

మన ఇంటి నుంచే మొదలుపెడదాం. నిరుడు మా డిపార్టుమెంటులో అసిటోన్, ఈథర్ సీసాలున్న బీరువా తలుపు దగ్గరే ఉండేది. మంట వస్తే బయటికి పోవలసింది దాని పక్కనుంచే! పిల్లలే చూసి చెప్పారు, మార్చాం. ఇన్నేళ్ళు ఆ తలుపులోంచి నడిచిన నాకు అది తట్టలేదని ఒప్పుకుంటున్నాను.

విద్యార్థి సంఘానికి ఒక మనవి. ఈ ఏడు వార్షికోత్సవాల హడావుడి ముగిశాక ఒక ఆదివారం కేటాయించండి. నాంపల్లి స్టేషను నుంచి అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు వరకు, ట్రూప్ బజారు, చిరాగ్ అలీ లేన్ కలుపుకుని, ఇద్దరిద్దరుగా నడవండి. మన విద్యార్థులు అద్దెకుండే ప్రతి ఇంటి మెట్లు చూడండి. దుకాణదారులతో తగవు పెట్టుకోవద్దు. వాళ్ళలో చాలామంది ఆ సరుకు పక్కనే పొద్దంతా కూర్చునేవాళ్ళు, వాళ్ళ ప్రాణమూ దాని మీదే ఉంది. తెలిసింది చెప్పండి, చూసింది వ్రాసుకోండి. ఆ కాగితాలను సంఘం తరఫున అగ్నిమాపక శాఖకూ, నగరపాలక సంస్థకూ ఇద్దాం. నేను కూడా మీతో నడుస్తాను.

నడిచేటప్పుడు మెట్ల దగ్గర ఎవరైనా వాచ్‌మన్ కూర్చుని ఉంటాడు. "ఈ డబ్బాలతోని ఏమన్న అయితదా" అని ఆయన మిమ్మల్ని అడుగుతాడు. ఆగి, కూర్చుని, ఉన్నది ఉన్నట్టు చెప్పండి.